పాత భాగము – క్రొత్త పరీక్ష

నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందిన పట్టణము. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట, ఎడమ కాలువ క్రింది పొలములలో వరి విస్తారముగా పండసాగెను. ఆ వడ్లను ఆడించుటకు ఇచ్చట మిల్లులు వెలసినవి. మిల్లు లోపలికి పోయి చూచినచో అందు ఒక్క యంత్రము గాక, పెక్కు యంత్రములు వరుసగా నుండుట కానవచ్చును. మట్టిని, రాళ్ళను వేరుచేయునది ఒకటి. ఊకను ఒలుచునది మరియొకటి. తవుడు తీసి బియ్యమునకు తెలుపు నిచ్చునది వేరొకటి. నూకలను ఏరునది ఇంకొకటి. వీనిని మిల్లు యజమాని స్వయముగా తయారు చేయడు. వేర్వేరు చోట్ల తయారైన వానిని తెచ్చి, ఒకదాని వెనుక నొకటిగా అమర్చుకొనును.

ఊకను ఒలుచు యంత్రమున రెండు రబ్బరు రోలర్లు ఒకదాని కొకటి ఎదురుగా తిరుగుచుండును. ఒకటి వేగముగను, రెండవది కొంత మెల్లగను తిరుగుటచే నడుమ చిక్కిన గింజపై పొట్టు ఊడిపోవును. ఆ రోలర్ల నడుమనున్న సందు గింజ మందమును బట్టి యుండవలెను. దొడ్డు వడ్లకు సరిపెట్టిన సందులో సన్న వడ్లు పోసినచో పెక్కు గింజలు పొట్టు వీడకయే క్రిందికి జారును. సన్న వడ్లకు బిగించిన సందులో దొడ్డు వడ్లు పోసినచో నూకలు హెచ్చును. యంత్రమున దోషమేమియు లేదు. నిన్న నది చక్కగా పనిచేసినదే. మారినవి వడ్లు మాత్రమే. అందువలననే నేర్పరియైన పనివాడు క్రొత్త ధాన్యము వచ్చినపుడు ముందుగా కొద్దిపాటి వడ్లను పోసి, రాలినదానిని అరచేతిలోనికి తీసికొని చూచును.

ఇట్టి యమరికయే కంప్యూటరు సాఫ్టువేరునందును కలదు. సాఫ్టువేరు అనగా యంత్రము చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచిన ఆదేశముల కూర్పు. నేడు దానిని మొదటినుండి తుదివరకు ఒక్కరే వ్రాయుట అరుదు. ఒకరు వ్రాసి, పరీక్షించి యుంచిన భాగమును పలువురు తెచ్చుకొని తమ కూర్పులలో చేర్చుకొందురు. 1968వ సంవత్సరమున జర్మనీలోని గార్మిష్ పట్టణమున జరిగిన సభలో డగ్లస్ మెకిల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు, కర్మాగారములలో వస్తువులను చేయునట్లు సాఫ్టువేరు భాగములను చేసియుంచి, ఎవరికి తగినది వారు ఏరుకొను వీలు కల్పింపవలెనని ప్రతిపాదించెను. దానివలన శ్రమ తగ్గును, కాలము కలిసివచ్చును. కాని పనివాడు అరచేతిలో బియ్యమును చూచుకొనునట్టి జాగ్రత్త ఇచ్చటను తప్పదు.

ఆ జాగ్రత్త లోపించినందున 1996వ సంవత్సరము జూన్ 4వ తేదీన గొప్ప నష్టము వాటిల్లెను. ఆనాడు దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి ఐరోపా దేశములవారి ‘ఏరియన్-5’ రాకెట్టు మొదటిసారి నింగి కెగసెను. అందు నాలుగు ‘క్లస్టర్’ ఉపగ్రహము లుండెను. సుమారు 37 సెకండ్లకు రాకెట్టు త్రోవ తప్పి, విరిగి, ఆకాశముననే ప్రేలిపోయెను. రాకెట్టు గమనమును కనిపెట్టుచుండు సాఫ్టువేరును దాని నిర్మాతలు పాత ‘ఏరియన్-4’ నుండి తెచ్చి వాడిరి. అది పెక్కు ప్రయాణములలో నమ్మకముగా పనిచేసిన భాగము. అడ్డముగా సాగు వేగమునకు సంబంధించిన సంఖ్య నొకదానిని అది ఒక చిన్న గడిలో ఉంచుకొనును. ఆ గడిలో 32,767 ను మించిన సంఖ్య పట్టదు. ఏరియన్-4 కు ఆ గడి చాలెను. ఏరియన్-5 మార్గము వేరు. అడ్డముగా దాని వేగము మిక్కిలి యెక్కువ. సంఖ్య గడిని మించెను. ఆ భాగము పని మానెను. ఆపదకు తోడుగా నుంచిన రెండవ యంత్రమును ఆదుకొనలేదు. ఏలయనగా దానియందును అదే సాఫ్టువేరు కలదు!

ఇందొక విచిత్రము కూడ నున్నది. రాకెట్టు నేల విడిచిన పిదప ఆ లెక్కతో ఏరియన్-5 కు పనియే లేదు. పాత రాకెట్టుల అవసరమును బట్టి యుంచిన దానిని తీసివేయక అట్లే యుంచిరి. ఏరియన్-5 గమనమును నేలమీదనే కృత్రిమముగా కల్పించి ఆ భాగమును పరీక్షించియుండినచో దోషము బయటపడెడిదని విచారణ సంఘము అదే సంవత్సరము జూలైలో తెలిపెను.

అరువు తెచ్చిన భాగమును పరీక్షించువారు కావున దాని పేరును, పూర్వపు ప్రతిష్ఠను చూచి తృప్తిపడరు. అది ఎంతవరకు తాళును, హద్దు మీరినదానిని ఇచ్చినచో ఏమి చేయును, మనకక్కరలేని పనులు దానిలో ఏవి దాగియున్నవి అని విచారింతురు. దానిని విడిగా నొకసారియు, తక్కిన భాగములతో చేర్చి మరియొకసారియు నడిపి చూతురు. ఆ భాగమున స్వల్పమైన మార్పు జరిగినను పాత పరీక్షలన్నిటిని మరల జరుపుదురు. ఇది విసుగు పుట్టించు పని. మెప్పు తెచ్చు పనియు కాదు.

తెలుగు లిపికి సంబంధించిన ఉదాహరణ మొకటి యున్నది. సూర్యాపేటలోని విద్యార్థి యొకడు కోదాడలోని మిత్రునికి ఫోనులో తెలుగు వాక్య మొకటి పంపెననుకొనుడు. రెండు ఊళ్ళును 65వ జాతీయ రహదారిమీదనే యున్నవి. వాక్యము బస్సుకంటె ముందు, రెప్పపాటులో చేరును. ఆ రెప్పపాటులో ఎన్నియో భాగములు పనిచేయును. ప్రతి యక్షరమునకు యూనికోడ్ పద్ధతిలో నొక సంఖ్య కలదు. ఫోనునుండి ఫోనునకు పోవునవి ఆ సంఖ్యలే. కోదాడ ఫోనులో వానిని మరల గుణింతములుగను, ఒత్తులుగను కూర్చి తెరపై చూపునది వేరొక భాగము. అది ఫోనులోనే యుండును. సందేశములను చూపునదియు, వార్తలను చూపునదియు ఎక్కువగా దానినే ఆశ్రయించును.

2018వ సంవత్సరము ఫిబ్రవరిలో యాపిల్ సంస్థవారి ఐఫోనులలోని ఆ భాగమున నొక దోషము బయటపడెను. ‘జ్ఞ’ అను అక్షరమునకును, దాని దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని యూనికోడ్ చిహ్నమొకటి చేరినచో, దానిని చూపబోయిన సాఫ్టువేరులు పెక్కు కుప్పకూలుచుండెను. మామూలుగా వ్రాయు ‘జ్ఞానము’నకు ఈ యాపద లేదు. కాని కొందరు అల్లరికై ఆ కూర్పును ఇతరులకు పంపసాగిరి. అందుకొన్నవారి ఫోనులలో సందేశముల పెట్టెయే తెరువరాకుండెను. సందేశముల సాఫ్టువేరును రచించినవారి తప్పు ఇందేమియు లేదు. వారు నమ్మి వాడుకొన్న భాగము వారిని ముంచెను. అక్షరములు విడివిడిగా నిలుచు ఇంగ్లీషు లిపితో ఎన్ని పరీక్షలు జరిపినను తెలుగునకు పరీక్ష జరిగినట్లు కాదు. ‘స్త్రీ’ అను ఒక్క మాటలో మూడు హల్లులు, ఒక అచ్చు ఒకదానిపై నొకటి కూర్చుండును. ఇట్టి కూర్పులను, వాని నడుమ అనుకోని చిహ్నములను కూడ చేర్చి చూచినగాని ఆ భాగము తెలుగునకు తగినదని చెప్పరాదు.

ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థవారు ‘ఐఓఎస్ 11.2.6’ అను సవరణను విడుదల చేసి, లోపలికి వచ్చు అక్షరముల వరుసను ముందుగా సరిచూచు ఏర్పాటును మెరుగుపరచిరి. దోషము ఒక్కచోటనే యుండుటచే దానిని దిద్దుటయు ఒక్కచోటనే జరిగెను. సందేశముల సాఫ్టువేరులను వాని రచయితలు మరల వ్రాయ నక్కరలేకపోయెను.