దమనమా, అణచివేతా? బిట్ పోకుండా చూసుకోండి

నిత్య వ్యవహారంలో రెండూ ఒకటే: కోపం దిగమింగడం, నోరు నొక్కడం. పరీక్షలో మాత్రం వేర్వేరు.

మనోవిజ్ఞానం (టెట్, డీఎస్సీ): దమనం ఫ్రాయిడ్ చెప్పిన ప్రాథమిక రక్షక తంత్రం. బాధాకర అనుభవం మనకు తెలియకుండానే అచేతనంలోకి జారుతుంది. చిన్నప్పుడు బావిలో పడ్డవాడికి ఆ సంగతే గుర్తుండదు, నీళ్లంటే మాత్రం వణుకు: జవాబు దమనం. రేపు పరీక్ష కదా అని ఇంటి గొడవను కావాలని పక్కన పెడితే అణచివేత. 'తెలియకుండా', 'కావాలని' అన్న మాటలు చూసి గుర్తు పెట్టండి. ప్రతిగమనం ఇంకొకటి; పెద్దవాడు పిల్లాడిలా మారాం చేయడం. ఆప్షన్లలో పక్కపక్కనే ఇచ్చి తికమక పెడతారు. రక్షక తంత్రాలపై అన్నా ఫ్రాయిడ్ గ్రంథం: 1936.

పాలిటీ, చరిత్ర: ఇక్కడ అణచివేత అంటే ప్రభుత్వం ప్రజల నోరు నొక్కడం. వెర్నాక్యులర్ ప్రెస్ చట్టం 1878, లిట్టన్. రౌలట్ చట్టం 1919 మార్చి. జలియన్‌వాలాబాగ్ 1919 ఏప్రిల్ 13, విచారణ హంటర్ కమిటీ. ఎమర్జెన్సీ 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు, అధికరణ 352, కారణం 'అంతర్గత కల్లోలం'. 44వ సవరణ (1978) ఆ మాట తీసి 'సాయుధ తిరుగుబాటు' చేర్చింది.

తప్పక చూడాల్సింది ఎమర్జెన్సీ నిర్బంధాలపై వచ్చిన ఏడీఎం జబల్‌పూర్ కేసు: 1976, 4:1, భిన్న తీర్పు హెచ్.ఆర్. ఖన్నా. 44వ సవరణ తర్వాత 20, 21 అధికరణల అమలును ఎమర్జెన్సీలోనూ నిలిపివేయలేరు. చాలామంది 19 అని పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. జబల్‌పూర్ తీర్పును తోసిపుచ్చింది పుట్టస్వామి కేసు, 2017.