సన్నని తీగ, కనిపించని పూత

మొబైల్ రిపేరు నేర్చుకోవడానికి మా శిక్షణ తరగతికి వచ్చే పిల్లల చేతికి మేము మొదట ఇచ్చేది ఫోను కాదు, ఒక చెవి పలకని పాత హెడ్‌ఫోను. దాతలు పంపిన సొమ్ముతో కొన్న సామగ్రితో వాళ్లు ఏం నేర్చుకుంటున్నారో మీకూ తెలియాలని ఆ మొదటి పాఠాన్ని ఇక్కడ రాస్తున్నాం.

ఇంట్లో కరెంటు వైరుకు పైనున్న ప్లాస్టిక్ తొడుగు తీస్తే చాలు, రాగి బయటపడుతుంది. హెడ్‌ఫోను వైరు అలా కాదు. తొడుగు తీశాక లోపల ఎర్రగా, ఆకుపచ్చగా, రాగి రంగులో వెంట్రుకల్లాంటి పోగులు కనిపిస్తాయి. ఆ ఎరుపు, ఆ పచ్చ ప్రతి పోగుకూ విడిగా పట్టించిన ఎనామిల్ పూతవి. రాగి రంగు పోగుకూ చాలాసార్లు రంగులేని పూత ఉంటుంది. కొత్తవాళ్లు మోసపోయేది దాని దగ్గరే. పూత కరెంటును పోనివ్వదు కాబట్టే పోగులు ఒకదానికొకటి ఆనుకున్నా షార్టు కావు. అదే పూత సోల్డరును కూడా రాగికి అంటనివ్వదు.

పూత తీయకుండా అతికితే సోల్డరు పోగుల చుట్టూ ముద్దగా గడ్డకడుతుంది. చూడ్డానికి మెరుస్తూ బాగానే ఉంటుంది. ఎక్కడో ఒకటి రెండు చోట్ల రాగి తగిలి పాట కూడా వినిపిస్తుంది. రెండు రోజులకు ఆగిపోతుంది. డబ్బిచ్చిన మనిషి మళ్లీ వస్తాడు, లేదా మళ్లీ ఎప్పటికీ రాడు. కొత్తగా చిన్న షాపు పెట్టుకున్న కుర్రాడికి ఈ రెండోదే పెద్ద నష్టం.

మోటారు వైండింగు చేసే ఉస్తాదులు ఎనామిల్‌ను బ్లేడుతో గీకేస్తారు. ఆ తీగ లావు కాబట్టి తట్టుకుంటుంది. ఇక్కడ బ్లేడు పెడితే పూతకంటే ముందు పోగే తెగుతుంది. సన్నరకం గరుకు కాగితాన్ని మడిచి మెల్లగా లాగితే కొంత పని జరుగుతుంది గానీ అన్ని పోగులకూ అన్ని వైపులా పూత పోదు. లైటరు మంట అందరికీ తెలిసిన పద్ధతి. పూత క్షణంలో పోతుంది, దానితోపాటు రాగి నల్లబడి పెళుసవుతుంది. కొందరు ఆస్పిరిన్ మాత్ర మీద తీగను ఉంచి కాలుస్తారు. పూత పోతుంది నిజమే, కానీ ఆ పొగ ముక్కునూ గొంతునూ మండిస్తుంది. మా తరగతిలో దానిని అనుమతించం.

మేము నేర్పేది సోల్డరు బొట్టు పద్ధతి. ముందుగా పోగులతో కలిసి ఉన్న దారాలను చిన్న కత్తెరతో తీసేసి, పోగులను మెలిపెట్టి, కొసకు రోజిన్ ఫ్లక్స్ రాస్తారు. ఐరన్ కొన మీద సోల్డరును పెద్ద బొట్టుగా నిలిపి, తీగ కొసను అందులో ముంచి కొన్ని సెకన్లు ఉంచుతారు. పూత బుడగలుగా లేచి నల్లటి మసిగా పక్కకు పోతుంది. కొస నుంచి వెండిలాంటి తెలుపు మెల్లగా పైకి పాకుతుంది. అది కనిపించిందంటే రాగికి సోల్డరు పట్టినట్టే. పాకకపోతే కొస కత్తిరించి మళ్లీ మొదలు.

ఇక్కడ వేడి సంగతి చెప్పాలి. తగరం, సీసం కలిసిన 60/40 సోల్డరు 190 డిగ్రీలకే కరుగుతుంది. ఇలాంటి తీగలకు ఎక్కువగా వాడే పాలీయురిథేన్ పూత పోవాలంటే ఐరన్ కొన 350 నుంచి 400 డిగ్రీల దాకా ఉండాలి. అంటే సోల్డరు కరిగినంత మాత్రాన పూత పోయినట్టు కాదు. వేడిని సరిచేసుకోగల ఐరన్లు ఖరీదైనా మేము అడిగేది అందుకే. ఈ పూత కాలితే ఐసోసయనేట్లు అనే ఆవిర్లు వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అవి మరీ ప్రమాదం. అందుకే తరగతి గదికి ముందు ఎగ్జాస్టు ఫ్యాను, తర్వాతే ఇంకో కంప్యూటరు అన్నది మా అభిప్రాయం. సోల్డరులో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా ఎవరూ టిఫిన్ డబ్బా తెరవకూడదు.

అతికే ముందు మీటరుతో చూసుకోవాలి. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గులో కొన ఎడమ చెవికి, దాని పక్క రింగు కుడి చెవికి. సాధారణంగా ఎరుపు కుడిది, ఆకుపచ్చ ఎడమది. అన్ని కంపెనీలూ పాటించవు కనుక రంగును నమ్మవద్దంటాం. చెవి ముక్క బాగుంటే మీటరు 16 లేదా 32 ఓములకు దగ్గరగా చూపిస్తుంది. ఏమీ చూపకపోతే పూత ఇంకా ఉన్నట్టు, లేదా తీగ ఇంకెక్కడో తెగినట్టు.

చివరగా ప్రతి అతుకు మీదికీ వేడికి ముడుచుకునే స్లీవు జరపాలి. దానిని అతకడానికి ముందే తీగకు తొడిగి ఉంచుకోవాలి. అతికాక గుర్తొస్తే అతుకు విప్పాల్సిందే.