గ్రీన్ మారితే మార్చాల్సింది చెయ్యి కాదు, హోల్

ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండి గోల్ఫ్ ఆడాలనుకుంటే దారులు రెండు మూడే. సైనిక్‌పురిలో రిటైరైన అధికారి ఎవరైనా వెంట తీసుకెళ్తే కంటోన్మెంట్‌లోని ఆర్మీ కోర్సు దగ్గర. లేదంటే ఊరంతా దాటి ఆ కొసకు పోవాలి. గోల్కొండ నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది. ఒక వారం ఇక్కడ, మరో వారం అక్కడ ఆడేవాళ్లకు డ్రైవులు బాగానే పడతాయి కానీ గ్రీన్ మీదికి రాగానే లెక్క తప్పుతుంది. అలవాటైన చోట హోల్ పక్కన ఆగే బంతి కొత్తచోట ఆరడుగులు దాటిపోతుంది. ‘ఇవాళ గ్రీన్లు ఫాస్ట్’ అని తేల్చేసి తర్వాతి పట్ బెదురుతూ కొడతారు. అది సగం దారిలోనే చతికిలబడుతుంది.

ఫాస్ట్ అంటే ఎంత? దాన్ని అంకెల్లో కొలవొచ్చు. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు. 1967లో మొదలైన ఆ సంస్థ ఉద్యోగుల ఇళ్లతోనే ఈ ప్రాంతం పెరిగింది. కొలవనిదే నమ్మని పెద్దమనుషులు ఇక్కడ వీధికి ఇద్దరైనా దొరుకుతారు. వాళ్లకు నచ్చే పద్ధతే ఇది.

కొలిచే సాధనం పుట్టుక సరదాగా ఉంటుంది. 1935 అమెరికా ఓపెన్ ఓక్‌మాంట్‌లో జరిగింది. నాలుగు రౌండ్లు కలిపి 300 లోపు కొట్టింది విజేత శామ్ పార్క్స్ ఒక్కడే, 299తో. జీన్ సారజెన్ అంతటివాడు కొట్టిన పట్ గ్రీన్ దాటి బంకర్‌లో పడడం చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే గోల్ఫర్‌కు, గ్రీన్లు నిజంగానే అంత ఫాస్టా లేక మన భ్రమా అన్న అనుమానం వచ్చింది. తేల్చుకోవడానికి చెక్కతో ఒక పట్టీ చేసుకున్నాడు. అదే స్టింప్‌మీటర్. అమెరికా గోల్ఫ్ సంఘం 1970ల్లో దాన్ని అల్యూమినియంలోకి మార్చి కోర్సులకు ఇచ్చింది. పొడవు 36 అంగుళాలు, మధ్యలో గాడి, కింది కొస నుంచి 30 అంగుళాల దగ్గర చిన్న నొక్కు. నొక్కులో బంతి పెట్టి పట్టీని మెల్లగా పైకి లేపితే, సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే కదిలి దొర్లుతుంది. గ్రీన్ మీద ఎన్ని అడుగులు పోతే అదే ఆ గ్రీన్ స్పీడ్. మామూలు క్లబ్బుల్లో 8 నుంచి 10 దాకా ఉంటుంది. అమెరికా ఓపెన్‌లో 13 దాటడం కొత్త కాదు.

ఆ పట్టీ మీ దగ్గర ఉండదు. హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం యాంగిల్ కొని చేసుకోవచ్చు గానీ, దాని గాడి 90 డిగ్రీలు, అసలుది 145. అంకె కలవదు. పైగా దాన్ని పట్టుకుని గ్రీన్ మీదికి నడిస్తే క్లబ్బువాళ్లు ఊరుకోరు. మీ చెయ్యినే స్టింప్‌మీటర్ చేసుకోవడం మేలు.

ముందు అలవాటైన ప్రాక్టీస్ గ్రీన్ మీద చదునైన చోటు వెతకండి. పటర్‌ను కుడికాలి బొటనవేలి ఎదురు దాకా వెనక్కి తీయండి, ముందుకూ అంతే పోనివ్వండి. ఎడమచేతి వాటమైతే ఎడమకాలు. ఇదే మీ కొలత పట్, జీవితాంతం మార్చకండి. మూడు బంతులు ఒక దిక్కుకు, మూడు ఎదురు దిక్కుకు కొట్టి అంగలతో కొలవండి. రెండు దిక్కులూ దాదాపు సమానంగా వస్తే సగటు తీస్తే చాలు. కాస్త వాలుంటే సగటు మోసం చేస్తుంది. దిగువకు 12, ఎగువకు 6 వచ్చిందనుకోండి, సగటు 9. కానీ అసలు స్పీడ్ 8. రెండింటి లబ్ధాన్ని రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది అదే. ఈ అంకె స్కోర్‌కార్డు మూల రాసి పెట్టుకోండి.

ఇక కొత్త కోర్సుకు వెళ్లిన రోజు. టీ టైముకు పావుగంట ముందు చేరి అదే కొలత పట్ కొట్టండి. మీ ఊరి గ్రీన్ మీద 8 అంగలు పోయేది ఇక్కడ 10 పోయిందనుకుందాం. ఇప్పుడు చాలామంది చేసేది, ‘కాస్త మెల్లగా కొడదాం’ అనుకుని చేతిని బతిమాలడం. చేతికి ‘కాస్త’ అన్న మాట అర్థం కాదు. దాన్ని వదిలేసి దూరాన్ని మార్చండి. ఇక్కడి 10 అంగలు మీ చేతికి తెలిసిన 8 అంగలు. హోల్ 15 అంగల దూరంలో ఉంటే, 12 అంగల దగ్గర ఒక ఉత్తుత్తి హోల్ ఊహించుకుని, మీ ఊరి గ్రీన్ మీద దానికి ఎలా కొడతారో అలాగే కొట్టండి. వర్షాకాలంలో నానిన గ్రీన్ మీద కొలత పట్ 6 అంగలే పోతే, అదే 15 అంగలకు ఉత్తుత్తి హోల్ 20 అంగల దగ్గరికి పోతుంది, అసలు హోల్‌కు 5 అంగలు అవతల.

ఇది ఉజ్జాయింపు చిట్కా కాదు. దొర్లే బంతిని గడ్డి పట్టి ఆపే బలం దారి పొడవునా దాదాపు ఒకటే. అందుకే ఒకే వేగంతో బయల్దేరిన బంతి పోయే దూరం గ్రీన్ స్పీడ్‌తో సమంగా పెరుగుతుంది. పౌడర్ చల్లిన క్యారమ్ బోర్డు మీద వేలి దెబ్బ అదే అయినా స్ట్రైకర్ దూరం పోతుంది కదా, అంతే. కానీ దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి స్పీడ్ 8 నుంచి 12కు, అంటే ఒకటిన్నర రెట్లకు పెరిగినా, అదే దూరానికి బంతి వేగం తగ్గాల్సింది 18 శాతమే. లయ మార్చకపోతే పటర్ వెనక్కి తీసే దూరం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. భయపడి సగానికి సగం తగ్గించేవాళ్ల బంతి ఎందుకు చేరదో ఇక చెప్పక్కర్లేదు.

దూరం సంగతి సులువే. నా లెక్కన ఫాస్ట్ గ్రీన్ మీద మనల్ని ముంచేది లైన్. పక్కవాలు మీద బంతి ఎంత వంగుతుందో (దాన్నే బ్రేక్ అంటాం) అది స్పీడ్‌తో పాటు సూటిగా పెరుగుతుంది. 8 స్పీడ్ మీద అడుగు వంగే పట్, 12 మీద అడుగున్నర వంగుతుంది. వేగంలో మార్పు 18 శాతం, బ్రేక్‌లో 50 శాతం. అయినా మన దృష్టంతా ఎంత గట్టిగా కొట్టాలన్నదాని మీదే ఉంటుంది. అందుకని బ్రేక్‌ను ఎప్పుడూ అసలు హోల్‌ను చూసే అంచనా వేయండి. మీ ఊళ్లో ఎంత పైకి గురి పెడతారో దానికి ఆనాటి నిష్పత్తి కలపండి, 8 నుంచి 10 అయితే పావు వంతు. లైన్ ఖాయమయ్యాక ఆ లైన్ మీదే ఉత్తుత్తి హోల్ పెట్టుకోండి. ముందు ఉత్తుత్తి హోల్ పెట్టుకుని ఆనక లైన్ చూసేవాళ్లు వంపును తక్కువ అంచనా వేస్తారు.

వంపును నమ్మడం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల ఆడిన 2023 మాస్టర్స్ వీడియో చూడండి. అతని తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డవాళ్లు. అగస్టాలో అతనికదే మొదటి మాస్టర్స్. ఆఖరి రోజు 16వ హోల్‌లో గ్రీన్ బయటనుంచి చిప్ కొట్టాడు. బంతిని హోల్ వైపు కాకుండా పక్కనున్న ఎత్తు మీదికి పంపాడు. అది తీరిగ్గా మలుపు తిరిగి వాలు వెంట దిగి హోల్‌లో పడింది. ఆ టోర్నీలో ఉమ్మడి తొమ్మిదో స్థానం. అది పట్ కాదు, నిజమే. కానీ అంత ఫాస్ట్ గ్రీన్ మీద హోల్‌ను వదిలేసి వాలును గురిచూడడమే అసలు విద్య.

ఎగుడు దిగుళ్లలోనూ ఇదే వరస. పది అడుగులకు మూడున్నర అంగుళాల చొప్పున దిగే వాలు తీసుకోండి. చదునులో పది అడుగులు పోయే పట్, 8 స్పీడ్ గ్రీన్ మీద ఆ వాలులో పద్నాలుగు అడుగులకు పైగా పోతుంది. 12 మీద దాదాపు పద్దెనిమిది. ఫాస్ట్ గ్రీన్ మీద మొదటి పట్ హోల్‌కు దిగువన ఆగేలా చూసుకోమని పెద్దలు చెప్పేది ఇందుకే.

మన గడ్డి సంగతి వేరు. దక్కన్ ఎండకు తట్టుకునేది బెర్ముడా, అంటే వినాయక చవితి పత్రిలో పెట్టే గరిక కుటుంబమే. గరిక ఒక దిక్కుకు వాలి పాకుతుంది. వాలిన దిక్కున మీరు చూస్తే గ్రీన్ మెరుస్తుంది, ఎదురుగా చూస్తే ముదురు రంగులో కనిపిస్తుంది. మెరుస్తున్న వైపుకు బంతి ఎక్కువ పోతుంది, ముదురు వైపుకు తక్కువ. అనుమానముంటే హోల్ అంచు చూడండి. ఒక పక్క చిరుగులు పడి గరుకుగా ఉంటే గడ్డి అటే వాలినట్టు. తెల్లారి మంచు తడి ఉన్నప్పుడు గ్రీన్ నెమ్మది, ఎండ ఎక్కాక ఫాస్ట్. పొద్దున కోసిన గడ్డి సాయంత్రానికి మళ్లీ కాస్త పెరుగుతుంది. కాబట్టి ఏడింటికి కొలిచిన అంకె పదింటికి పనికిరాదు.

అపార్ట్‌మెంట్ హాల్లో టైల్స్ మీద సాధన చేసేవాళ్లకో మాట. అంత ఫాస్ట్ గ్రీన్ ప్రపంచంలో ఎక్కడా దొరకదు. అక్కడ దూరాలు నేర్చుకోవద్దు, లయ మాత్రం నేర్చుకోండి. చిన్న పట్‌కైనా పెద్ద పట్‌కైనా వెనక్కీ ముందుకూ పట్టే సమయం ఒకటే ఉండాలి, పిడికిలి బిగువు మారకూడదు. కొలత పట్ విలువంతా దీని మీదే నిలబడింది.

ఆట మధ్యలో అంకె సరిచూసుకోవాలనిపిస్తే, ఆడుతున్న గ్రీన్ మీద బంతి దొర్లించి పరీక్షించడం నిబంధనలకు విరుద్ధం. హోల్ ముగిశాక, తర్వాతిది మొదలుపెట్టేలోపు, ఇప్పుడే ఆడిన గ్రీన్ మీద కొట్టి చూసుకోవచ్చు. పోటీ నిర్వాహకులు వద్దని చెప్పి ఉండకూడదు, వెనక గుంపు ఎదురుచూస్తూ ఉండకూడదు.