తాబేలు ఎటు తిరగాలి?

పోయిన నెల మా చెల్లికి ఆరో తరగతి కంప్యూటర్ పరీక్షలో 25కి 9 వచ్చాయి. పేపరు అమ్మకు చూపించకుండా నా దగ్గరికి తెచ్చింది. "అక్కా, నాకు కంప్యూటర్ రాదు. నేనూ నీలాగే ఆర్ట్స్ తీసుకుంటాలే" అంది. నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా. ఏదీ రానివాళ్ళు చేరేదే ఆర్ట్స్ అని పదకొండేళ్ళకే దాని మనసులో పడిపోయింది.

పేపరు చూశాను. వాళ్ళకు నేర్పేది లోగో అనే భాష. 1967లో అమెరికాలో సీమోర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ మొదలైనవాళ్ళు పిల్లల కోసమే దాన్ని తయారుచేశారు. తెరమీద ఒక తాబేలు ఉంటుంది. మనం చెప్పినట్టు నడుస్తుంది, నడిచిన దారిలో గీత పడుతుంది. చతురస్రం కావాలంటే "రిపీట్ 4, ఫార్వర్డ్ 100, రైట్ 90" అని రాయాలి. అంటే, వంద అడుగులు నడిచి కుడికి 90 డిగ్రీలు తిరుగు, ఇలా నాలుగుసార్లు చెయ్యి అని.

ఇది నోట్సులో ఉంది కాబట్టి చెల్లి సరిగానే రాసింది. తర్వాతి ప్రశ్న సమబాహు త్రిభుజం. దానికి "రిపీట్ 3, ఫార్వర్డ్ 100, రైట్ 60" అని రాసింది. తప్పు. 60 కాదు, 120 అని బోర్డు మీద రాసి, ఐదుసార్లు రాసుకురమ్మన్నారట. ఎందుకో చెప్పలేదట.

త్రిభుజంలో ఒక్కో కోణం 60 కదా, మరి ఈ 120 ఎక్కడిది? నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తట్టలేదు. సాయంత్రం ఇద్దరం చాక్‌పీసు తీసుకుని మిద్దెమీదికి పోయాం. "నువ్వే తాబేలు. నువ్వు రాసినట్టే నడువు" అన్నాను. అది నడుస్తుంటే వెనకాలే నేను గీత గీశాను. మూడు గీతలు పడ్డాయి గానీ కలవలేదు. బయలుదేరిన చోటికి చెల్లి రానేలేదు.

అప్పుడు నేల మీద సరైన త్రిభుజం గీసి, దాని మీద నడవమన్నాను. మొదటి మూల దగ్గర ఆగింది. దాని ముఖం ఇంకా ఎదరకే ఉంది. రెండో గీతవైపు తిరగాలంటే చాలా తిరగాల్సివచ్చింది. లోపలి కోణం 60 అయినా, నడిచేవాళ్ళు తిరిగేది బయటి కోణం, 180లో 60 పోగా 120. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొత్తం 360 తిరుగుతాం. మూడు మూలలైతే 120, నాలుగైతే 90, ఆరైతే 60. ఇది వినగానే చెల్లి, "అయితే నేను రాసింది ఆరు మూలలదా!" అని కేకేసింది. మళ్ళీ 60 చొప్పున ఆరుసార్లు నడిచింది. గీతలు కలిశాయి.

పేపర్ట్ 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో చెప్పేది ఇదే. పిల్లలు తమ ఒంటితో ఆలోచించాలి, తప్పు వస్తే సిగ్గుపడకుండా అదెక్కడుందో వెతికి దిద్దుకోవాలి. ప్రోగ్రామింగ్ అంటే ముఖ్యంగా ఈ దిద్దుకోవడమే. దాన్ని బట్టీ పట్టిస్తే మిగిలేది ఇంకో చేతిరాత పని.

ఇక భాష సంగతి. "ఇఫ్" కూడా చెల్లికి అర్థం కాలేదు. కానీ ఇంట్లో "వాన పడితే గొడుగు తీసుకుపో, లేకపోతే వద్దు" అని రోజూ వింటుంది. ఇంగ్లీషులో షరతుకు ముందే "ఇఫ్" వస్తుంది. మనకు షరతు చెప్పాక చివర "తే" వస్తుంది. తమిళంలో ఎళిల్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. అందులో షరతు ముందు రాసి, తర్వాత "ఆనాల్" అంటారు. మన "అయితే" లాంటిదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా చెల్లికి ఇది ఒక్క నిమిషంలో తెలిసింది. బడిలో ఇంగ్లీషు మాటలే టైప్ చెయ్యనీ, తప్పులేదు. కానీ ముందు ఇంటి మాటలో అర్థమైతే ఆ నాలుగు ఇంగ్లీషు మాటలు బరువు కావు.

ఇందులో ఆర్ట్స్‌వాళ్ళకేం పని అనుకోకండి. మన చెన్నైలోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమని, రాణి సిరొమని, వాళ్ళతో కమలా కృతివాసన్, మన వాకిట్లో ముగ్గుల మీద 1974లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఏ సూత్రాలతో ఏ ముగ్గు పుడుతుందో చూపించారు. ఆ సూత్రాల పట్టికకు వాళ్ళు వాడిన మాట వ్యాకరణం! మనం క్లాసులో ఆవులిస్తూ చదివేది అదే కదా.

చెల్లి ఆర్ట్స్ తీసుకుంటుందో, సైన్స్ తీసుకుంటుందో దాని ఇష్టం. రాదు అని మాత్రం తీసుకోకూడదు.

సాధన: ఇది చెల్లి నాకు పెట్టిన లెక్క. చెయ్యి ఎత్తకుండా ఐదు కొనల నక్షత్రం గీయాలంటే తాబేలు ప్రతి కొన దగ్గరా ఎంత తిరగాలి? 72 కాదు. పేపరు మీద కాకుండా వరండాలో నడిచి చూడండి. చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్కపెట్టుకుంటే జవాబు దానంతటదే వస్తుంది.