సభాబలమే ప్రమాణం

కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలలో ప్రజాస్వామ్యం లేత మొక్క వంటిది. 1958లో పాకిస్తాన్‌లోను, 1962లో బర్మాలోను సైన్యాధిపతులు రాజ్యాంగాలను పక్కకు నెట్టి అధికారాన్ని హస్తగతం చేసుకొన్నారు. భారతదేశంలో సైనిక పాలన రాలేదు. అయినా రాజ్యాంగానికి పరీక్షలు తప్పలేదు. అట్టి పరీక్షలలో ఒకదానికి చిత్తూరు సీమతో సంబంధమున్నది.

తిరుపతి సమీపంలోని తిరుచానూరులో 1891లో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ రాజ్యాంగ సభలో సభ్యులు. 1956 నుండి 1962 వరకు ఆయన లోక్‌సభ స్పీకరుగా వ్యవహరించారు. సభలో సభ్యుల మాటకు విలువనిచ్చే సంప్రదాయానికి ఆ తరం పునాది వేసింది.

1983 ఎన్నికలలో నందమూరి తారక రామారావు గుడివాడ, తిరుపతి స్థానాలలో గెలుపొంది ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయనను పదవి నుండి తొలగించి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించారు. సభలో బలం నిరూపించుకొంటానన్న రామారావు అభ్యర్థన మన్నింపబడలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం బలనిరూపణకు 30 రోజుల గడువు లభించింది.

రాజ్యాంగంలోని 164వ అధికరణం ప్రకారం మంత్రులు గవర్నరు ఇష్టమున్నంతకాలం పదవిలో ఉంటారు. అదే అధికరణం మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని కూడా శాసిస్తున్నది. మొదటి వాక్యాన్ని మాత్రమే చదివితే గవర్నరు ఇచ్ఛయే చట్టమవుతుంది. రెండింటినీ కలిపి చదివితే సభ విశ్వాసమున్నంతవరకు ఆ ఇష్టానికి హద్దు ఉన్నదని తెలుస్తుంది.

శాసనసభ్యులు ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతి జైల్‌సింగ్‌ను కలిశారు. రాష్ట్రమంతటా ప్రజలు నిరసన తెలిపారు. రామ్‌లాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

అయినప్పటికీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. ప్రజాందోళనకు నోచుకోని ప్రభుత్వాన్ని ఎవరు కాపాడాలి? 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానమిచ్చింది. ప్రభుత్వ బలాబలాలు తేలవలసిన చోటు శాసనసభయే గాని రాజ్‌భవన్ కాదని స్పష్టం చేసింది.

వ్యక్తుల మంచితనంపై ఆధారపడిన స్వేచ్ఛ నిలకడ లేనిది. పాలకులను, పాలితులను సమానంగా బంధించే నియమమే దానికి నిజమైన రక్ష.

ప్రశ్నలు
1. 164వ అధికరణాన్ని సమగ్రంగా ఎందుకు చదవాలి?
2. 1984 నాటి సంఘటనకు, 1994 తీర్పుకు గల సంబంధాన్ని వివరించండి.