ఆట చూసొద్దాం

మదీనాగూడలో నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చున్నారు. గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ ఆట చూడాలని వాళ్ల కోరిక.

"మగ తోడు లేకుండా ఎట్లా పోతాం వదినా?" అంది ఒకామె.

"మనకిప్పుడు చదువొచ్చు కదా! బోర్డులు మనమే చదువుకుందాం. బంతి ఆడతానంటున్న నీ బిడ్డను కూడా తీసుకురా" అంది పెద్దామె.

అందరూ కలిసి కాగితం మీద ఇట్లా రాసుకున్నారు:

1. ఆట ఏ రోజు? ఎన్ని గంటలకు?
2. టికెట్ ధర ఎంత?
3. టికెట్ మీద గేటు నంబరు, సీటు నంబరు చూసుకోవాలి.
4. హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి పోవాలి.
5. ఆట అయ్యాక తిరుగు బస్సు ఉంటుందా? ముందే అడగాలి.
6. ఆధార్ కార్డు మరవకూడదు.

ఆధార్ ఎందుకు? తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. కార్డు చూపి, కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి.

ఈ స్టేడియానికి లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన బాలయోగి పేరు పెట్టారు. 2024 నవంబరు 18న ఇక్కడ భారత్, మలేషియా జట్లు ఆడాయి. చెరొక గోలు కొట్టాయి.

ఫుట్‌బాల్ మన ఊరికి కొత్త కాదు. హైదరాబాద్ బడిపంతులు రహీమ్ భారత జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆడపిల్లలకూ ఈ ఆట కొత్త కాదు. నిజామాబాద్ ఆడబిడ్డ గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడింది.

జవాబులు రాయండి:
1. టికెట్ మీద ఏమేం చదవాలి?
2. మీరు ఒంటరిగా చదివిన మొదటి బోర్డు ఏది?