రూ.1,000తో కోటగుళ్లు, రామప్ప: ప్లాన్ తిరుగు బస్సుతో మొదలుపెట్టండి

తక్కువ బడ్జెట్ ట్రిప్ అనగానే మనం వెళ్లే ఖర్చే లెక్కేస్తాం. నేనూ అంతే. జనగామ నుంచి భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్లు, పక్కనే ములుగు జిల్లాలోని రామప్ప చూద్దామని రూ.1,000తో బయల్దేరా. సాయంత్రానికి ఫోన్ స్విచాఫ్, చివరి బస్సు మిస్. మిగిలిన డబ్బంతా ఆటోకే పోయింది. అందుకే ఇప్పుడు ప్లాన్ వెనక నుంచి మొదలుపెడతా.

1. తిరుగు బస్సు: భూపాలపల్లికి రైలు లేదు. జనగామ వాళ్లు కాజీపేటలో, మహబూబాబాద్ వాళ్లు వరంగల్‌లో దిగి బస్సెక్కాలి. గుడి దగ్గర దిగేటప్పుడే కండక్టర్‌ని చివరి బస్సు టైమ్ అడిగి, గంట ముందుకి అలారం పెట్టండి.

2. టికెట్: రైలు జనరల్ టికెట్ ఫోన్‌లో తీస్తే స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోనే చూపించాలి. అంటే దిగేదాకా చార్జింగ్ ఉండాల్సిందే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ. ఐడీ కార్డు మర్చిపోవద్దు.

3. బ్యాటరీ: ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ఏరియా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. సిగ్నల్ సరిగా లేనిచోట ఫ్లైట్ మోడ్ పెడితే చార్జింగ్ మిగులుతుంది.

4. క్యాష్: ఫోన్ ఆగితే యూపీఐ కూడా ఆగినట్టే. ఆటోకి సరిపడా నోట్లు విడిగా దాచుకోండి.

1213లో కట్టిన రామప్ప ఎక్కడికీ పోదు. చివరి బస్సు మాత్రం మన కోసం ఆగదు.